జానపద గాయక దళాలు

పాట కట్టినవారే ముందు నిలిచి పాడుతుంటే, ఇద్దరు ముగ్గురు వంతగాళ్లు అందుకుంటూ ఊరూరా తిరిగే చిన్న బృందాన్ని తెలుగునాట దళం అంటారు. సొంత పాట, మోయగలిగినన్ని వాద్యాలు, ఊరివాళ్లు పోగుచేసి పెట్టే తిండి, దారిఖర్చులు ఉంటే దళం నడుస్తుంది. మొదట కథకూ తరవాత ఉద్యమానికీ పనికొచ్చిన ఈ పద్ధతి ఇటీవల నగరాల్లోని సొంత పాటల బ్యాండ్లలోనూ కనిపిస్తోంది.

దీనికి మూలం జంగం కథ. కథకుడు తంబురాను భుజాన వేసుకొని, లోపల గుళ్లున్న ఇత్తడి అందెలను వేళ్లకు తొడిగి, తాళం మోగిస్తూ కథ నడుపుతాడు. పక్కన భార్య బుడిగె వాయిస్తూ వంత పాడుతుంది. చరణం చివర ‘తందాన తాన’ అని వంత అందుకునేసరికి కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది, వినేవారికి కథ నిలుస్తుంది. కర్నూలు జిల్లాలో బుడిగ జంగాల కుటుంబాలు ఎక్కువ. ఓరుగల్లు ప్రాంతపు బుడిగ జంగం దంపతులు మొగిలయ్య, కొమురమ్మ 2023లో ‘బలగం’ సినిమా పతాక సన్నివేశంలో పాడడంతో ఈ జంట గానం కొత్త తరానికి తెలిసింది.

పాల్కురికి సోమనాథుడు తన కావ్యంలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలను పేర్కొన్న 13వ శతాబ్ది నుంచి 19వ శతాబ్ది దాకా ఊరూరా తిరిగే గాయకులు శివకథలు, వీరగాథలు పాడుతూ వచ్చారు. రేనాటి గాయకులకు ఆ 19వ శతాబ్దిలోనే కొత్త కథానాయకులు దొరికారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీయబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద, 1866 నాటి కరువులో అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి మీద కట్టిన పాటలు భిక్షుక గాయకుల నోట బతికాయి. తంగిరాల వెంకట సుబ్బారావు వాటిని సేకరించి ‘రేనాటి సూర్యచంద్రులు’గా వెలువరించారు. దత్తమండలాల జానపదం మీద జరిగిన మేలైన కృషి అది.

జంగం కథ బుర్రకథగా మారింది 1940ల్లో. కమ్యూనిస్టు పార్టీ, 1943లో ఏర్పడ్డ ప్రజా నాట్యమండలి దాన్ని భిక్షాటన నుంచి రాజకీయ వేదిక మీదికి తెచ్చాయి. దంపతుల స్థానంలో ముగ్గురి దళం వచ్చింది. నడుమ కథకుడు, ఇరువైపులా వంతలు. ఒక వంత హాస్యం పండిస్తే, ఇంకొక వంత కథను ఆపి ఆనాటి రాజకీయం మాట్లాడుతుంది. మహిళలతో తొలి బుర్రకథ దళాన్ని మోటూరి ఉదయం నడిపారు. ఈ రూపానికి నిండుదనం తెచ్చినవాడు గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920 ఫిబ్రవరి 5న పుట్టిన షేక్ నాజర్. నాటకాల్లో ఆడవేషాలు కట్టి, సంగీతం నేర్చి, ఆ చదువునంతా కథలోకి ఒంపాడు. ‘పల్నాటి యుద్ధం’, ‘బొబ్బిలి యుద్ధం’, ‘అల్లూరి సీతారామరాజు’ ఆయన ప్రసిద్ధ కథలు. 1943 నాటి వంగదేశపు క్షామం మీద ‘బెంగాల్ కరువు’ చెప్పాడు. ‘అగ్గిరాముడు’ (1954) సినిమాలో అల్లూరి కథతో ఆయన గొంతు తెలుగువారందరికీ చేరింది. 1986లో పద్మశ్రీ అందుకున్నాడు, 1997లో మరణించాడు. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. స్వాతంత్ర్యం తరవాత ప్రభుత్వ ప్రచార శాఖలు కుటుంబ నియంత్రణకూ చిన్నమొత్తాల పొదుపుకూ బుర్రకథ చెప్పించాయి. కళాకారులకు కూడు దొరికింది గాని కథలో వేడి తగ్గింది.

ఆ వేడి 1970ల్లో హైదరాబాదులో మళ్లీ రాజుకుంది. బి. నర్సింగరావు స్థాపించిన ఆర్ట్ లవర్స్ సంఘంలోకి తూప్రాన్‌కు చెందిన గుమ్మడి విఠల్ వచ్చాడు. అప్పటికే అతనికి బుర్రకథ చెప్పడం వచ్చు. మొదటి పాటల పుస్తకానికి పెట్టిన ‘గద్దర్’ అనే పేరే ఆయన పేరైంది. 1972లో సంఘం జన నాట్య మండలిగా మారింది. ఈ మండలి పని పద్ధతి గమనించదగ్గది. కళాకారులు వాడలోకి వెళ్లి జనం పాడుకునే బాణీ వినేవారు. ఆ బాణీలో కొత్త మాటలు కూర్చి అదే జనం ముందు పాడేవారు. నోరు తిరగని మాటను మార్చి, ఎవరూ అందుకోని పల్లవిని వదిలేసేవారు. గోచీ, గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర, వెనక డప్పు. వేదిక అలంకరణ అంతకు మించి ఉండేది కాదు. మైకు పాడైనా కార్యక్రమం ఆగేది కాదు.

ఉత్తరాంధ్ర నుంచి మండలిలో కలిసిన వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరు. శ్రీకాకుళం యాసను, కార్మికుడి వెటకారాన్ని పాటలోకి తెచ్చాడు. ఆయన రూపొందించిన ‘భూమి భాగోతం’ నృత్యరూపకం అనేక ఊళ్లలో ఆడింది. చెరబండరాజు, శివసాగర్, గూడ అంజయ్య రాసిన పాటలనూ మండలి భుజానికెత్తుకుంది. ‘మా భూమి’ (1979) సినిమాలో బండి యాదగిరి పాటను గద్దర్ తెరమీద నిలబడి పాడాడు. 1985లో కారంచేడు హత్యాకాండ తరవాత నిర్బంధం పెరగడంతో ఆయన అజ్ఞాతంలోకి వెళ్లి, ఇతర రాష్ట్రాల ఆదివాసీ ప్రాంతాల్లో తిరిగి, 1990 ఫిబ్రవరిలో బయటికి వచ్చాడు. అప్పుడు హైదరాబాదు నిజాం కళాశాల మైదానంలో జరిగిన సభకు వచ్చిన జనం ఆ మైదానంలో పట్టలేదు. ‘ఒరేయ్ రిక్షా’ (1995) సినిమాలోని పాటకు ప్రకటించిన నంది పురస్కారాన్ని తిరస్కరించాడు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. ఆ తరవాత కూడా ఆయన గజ్జె కట్టడం మానలేదు. 2020 ఆగస్టు 4న వంగపండు, 2023 ఆగస్టు 6న గద్దర్ కన్నుమూశారు.

తెలంగాణ మలి ఉద్యమంలో 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం అనే ఆటపాటల కార్యక్రమం పలు దళాలను ఒకే వేదిక మీదికి తెచ్చింది. దళం లేకుండానే ఊరూరా పాడిన గోరటి వెంకన్నకు 2021కి గాను ‘వల్లంకి తాళం’ కావ్యం మీద కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

సొంత పాటల బ్యాండ్లలో ఎక్కువ పేరు పొందినది హైదరాబాదుకు చెందిన చౌరస్తా. గాయకుడు, స్వరకర్త రామ్ మిరియాల ముందుండి నడిపిన ఈ బృందం పల్లె బాణీకి గిటారును, రెగె లయను జోడించింది. ‘ఊరెళ్లిపోతా మామ’, ‘మాయ’ పాటలు యూట్యూబు ద్వారా వ్యాపించాయి. కరోనా కాలంలో, 2020లో, ‘చేతులెత్తి మొక్కుతా’ అనే జాగ్రత్తల పాట ఇంటింటా వినిపించింది. బుర్రకథతో ఒకప్పుడు ప్రచార శాఖలు చేయించిన పనిని ఈసారి బ్యాండు తనంతట తాను చేసింది. ఆ తరవాత రామ్ మిరియాల బృందం నుంచి బయటికి వచ్చి సినిమా పాటల వైపు మళ్లాడు. ‘జాతిరత్నాలు’ (2021)లో ‘చిట్టి’ పాట పాడింది ఆయనే. చౌరస్తా మిగిలిన సభ్యులతో కచేరీలు కొనసాగించింది.