దస్కతు నుంచి సంకేతపదం దాకా: బ్యాంకు ఖాతా ప్రవేశ చరిత్ర – ఒక పరిశీలన

బ్యాంకుల చరిత్ర అనగానే స్థాపకులు, జాతీయీకరణ, విలీనాలు గుర్తుకు వస్తాయి. ఖాతాదారుడు తన సొమ్ము దగ్గరికి ఏ దారిన చేరుకున్నాడు, 'ఇతడే ఆ మనిషి' అని బ్యాంకు దేనిని చూసి నమ్మింది అన్న ప్రశ్న అంతగా చర్చకు రాదు. ఆన్‌లైన్ ఖాతాలోకి సురక్షితంగా ప్రవేశించడం, ఆ ప్రవేశం ఆగిపోయినప్పుడు తిరిగి పొందడం అనే నేటి సమస్యలను సాంకేతిక విషయాలుగానే చూడటం పరిపాటి. నిజానికి అవి గుర్తింపును రుజువు చేసే భారం ఎవరిదన్న పాత వివాదానికి కొత్త రూపాలు. ఆ దృష్టితో ఈ వ్యాసం ఖాతా ప్రవేశ పద్ధతుల పరిణామాన్ని పరిశీలిస్తుంది.

ముందుగా మాటలను గమనించాలి. దస్తావేజుల భాషలోని 'దస్కతు' పారశీకం నుంచి వచ్చింది. 'దస్త్' అంటే చేయి, 'ఖత్' అంటే రాత. మన 'చేవ్రాలు' నిర్మాణం కూడా అదే. రెండు భాషలూ సంతకాన్ని చేతి రాతగానే భావించాయి. చదువురానివారికి 'నిశాని' ఉండేది. వారు గీత గీస్తే లేదా వేలు అద్దితే, దాని పక్కన లేఖరి వారి పేరు రాసేవాడు, కింద సాక్షులు దస్కతు చేసేవారు. ఇక్కడ గుర్తింపు శక్తి గీతలో లేదు. గీసినవాణ్ణి ఎరిగిన లేఖరిలోనూ సాక్షులలోనూ ఉంది.

హుండీ వ్యవస్థలో ఇది మరింత స్పష్టం. 'షాజోగ్' హుండీ సొమ్మును బజారులో పేరున్న షావుకారుకే చెల్లించాలి. మోసం బయటపడితే ఆ షావుకారు జవాబు చెప్పాలి. హుండీ పోతే 'పేఠ్' అనే రెండో ప్రతిని, అదీ పోతే 'పర్‌పేఠ్' అనే మూడో ప్రతిని ఇచ్చేవారు. పోయిన పత్రంతో పాటు హక్కు పోకూడదని, అదే సమయంలో రెండుసార్లు చెల్లింపు జరగకూడదని ఆ ఏర్పాటు. పాస్‌వర్డ్ మరచిపోయిన ఖాతాదారుడి విషయంలో నేటి బ్యాంకు ఎదుర్కొనే చిక్కు సరిగ్గా ఇదే. తాళంచెవి పోగొట్టుకున్న యజమానికి తలుపు తెరవాలి, పోగొట్టుకున్నానని చెప్పే దొంగకు తెరవకూడదు.

వేలిముద్రకు ఆధునిక చరిత్ర మన దేశంలోనే మొదలైంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డు సామగ్రి సరఫరా ఒప్పందంపై రాజ్యధర్ కొనాయ్ అనే గుత్తేదారు చేత అరచేతి ముద్ర వేయించాడు. సంతకం నాది కాదని రేపు బుకాయించకుండా భయపెట్టడమే అప్పటి ఉద్దేశం. 1897లో కలకత్తాలో వేలిముద్రల కేంద్రం ఏర్పడింది. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అక్కడ వర్గీకరణ పద్ధతిని తీర్చిదిద్దినా, ఆ పద్ధతి వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరనే నిలిచింది. సాక్షుల అవసరం లేని గుర్తింపు అన్న ఆలోచనకు బీజం ఇక్కడ పడింది. ఆ ఆలోచన జనం మీద నమ్మకంతో కాక అనుమానంతో పుట్టిందని మరువరాదు.

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. నైజాం రాష్ట్రంలో 1941 చట్టంతో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఏర్పడింది. శాఖా బ్యాంకింగ్ కాలంలో నమూనా సంతకం కార్డు, పాసుబుక్కు, కౌంటరులోని గుమాస్తా కలిసి ఖాతాకు కాపలా కాసేవి. సంతకం కొద్దిగా వంకర పోయినా మనిషిని ఎరిగిన గుమాస్తా సర్దుకునేవాడు. ఎరగనివాణ్ణి నిలబెట్టేవాడు కూడా. ఆ పరిచయంలో ఆప్యాయతతో పాటు పక్షపాతానికీ చోటుందని చెప్పక తప్పదు. పల్లె నుంచి తొలిసారి వచ్చిన మనిషికి, పట్నంలోని పాత ఖాతాదారుడికి ఒకే మర్యాద దక్కేదని అనుకోలేం.

యంత్రానికి పరిచయాలు ఉండవు. 1967 జూన్ 27న లండన్ సమీపంలోని ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు నగదు యంత్రాన్ని ప్రారంభించింది. దాని రూపకర్త జాన్ షెపర్డ్-బారన్ పుట్టింది మన షిల్లాంగ్‌లో. తాను ఆరంకెల సంఖ్య అనుకున్నానని, భార్య నాలుగే గుర్తుంటాయనడంతో నాలుగుకు తగ్గించానని ఆయన చెప్పేవారు. రహస్య సంఖ్యతో కూడిన కార్డు పద్ధతికి జేమ్స్ గుడ్‌ఫెలో 1966లోనే పేటెంట్‌కు దరఖాస్తు చేశారు కనుక ఈ ఘనత ఎవరిదన్న వివాదం మిగిలే ఉంది. భద్రత, జ్ఞాపకశక్తి ఒకదానితో ఒకటి పోటీపడతాయన్న సంగతి మాత్రం ఆ వృత్తాంతంలో తేటతెల్లం.

పాస్‌వర్డ్ బ్యాంకులో పుట్టలేదు. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం, ఒకే కంప్యూటర్‌ను పలువురు పంచుకునే ఏర్పాటులో ఎవరి దస్త్రాలు వారికే ఉండటానికి దీనిని వాడింది. 1962లో ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన సమయం చాలక, అందరి పాస్‌వర్డ్‌ల జాబితాను అచ్చు తీయించుకున్నాడు. పరిశోధకుల ఇబ్బంది ఎరిగిన మనకు అతనిపై కొంత సానుభూతి కలగకపోదు! రహస్యాన్ని ఉన్నదున్నట్టు దాచరాదన్న సూత్రం తరువాత స్థిరపడింది. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రచురించిన పత్రం ఇందులో ప్రధానమైనది. పాస్‌వర్డ్‌ను తిరిగి రాబట్టలేని రూపంలోకి మార్చి నిల్వ చేస్తారు. అందుకే 'మరచిపోయాను' అంటే బ్యాంకు పాతది చెప్పదు, కొత్తది పెట్టుకోమంటుంది. పాతదాన్ని ఉన్నదున్నట్టు పంపే సంస్థ దానిని చదవగలిగే రూపంలో ఉంచుకున్నదని అర్థం.

భారతదేశంలో ఇంటర్నెట్ బ్యాంకింగ్ 1990ల చివర్లో మొదలైంది. 2001 జూన్‌లో రిజర్వు బ్యాంకు దానిపై మార్గదర్శకాలు ఇచ్చింది. 2009 ఆగస్టు 1 నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు కార్డుపై కనిపించని అదనపు ధ్రువీకరణను తప్పనిసరి చేసింది. క్రమంగా ఫోనుకు వచ్చే ఓటీపీ ఆ స్థానాన్ని ఆక్రమించింది. దీనితో గుర్తింపు మనిషి జ్ఞాపకం నుంచి అతని సిమ్ కార్డుకు మారింది. అది మరొకరి పేరుతో మార్పిడి అయితే ఖాతా తాళాలలో ఒకటి వారి చేతిలో పడ్డట్టే. రద్దయిన మొబైల్ సంఖ్యను 90 రోజుల తరువాత వేరొకరికి కేటాయించవచ్చు. పాత నంబరు వదిలేసి బ్యాంకుకు చెప్పని ఖాతాదారుడి ఓటీపీ అపరిచితుడి ఫోనులో మోగుతుంది. నంబరు మార్చేముందు బ్యాంకులో నమోదు మార్చుకోవడం ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తుంది. ఫోనులో సిగ్నల్ అకారణంగా పోయి ఎంతకూ రాకపోతే మొబైల్ సంస్థనూ బ్యాంకునూ వెంటనే విచారించాలి.

ఈ దశలో మోసం స్వభావమే మారింది. పూర్వపు ఫోర్జరీదారు సంతకాన్ని అనుకరించేవాడు. నేటి మోసగాడు బ్యాంకును అనుకరిస్తాడు. నకిలీ పేజీ చూపి, లేదా ఖాతా ఆగిపోతుందని ఫోనులో భయపెట్టి, యజమాని చేతే తలుపు తీయిస్తాడు. అంటే ఖాతాదారుడు తానెవరో రుజువు చేసుకోవడమే కాక, ఎదుట ఉన్నది తన బ్యాంకేనా అని కూడా తేల్చుకోవాలి. ఇందుకు ఒక సంస్థాగత సమాధానం హైదరాబాదు నుంచి వచ్చింది. రిజర్వు బ్యాంకు 1996లో ఇక్కడ నెలకొల్పిన ఐడీఆర్‌బీటీకే 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాల నమోదు బాధ్యతను అప్పగించారు. 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులు ఆ చిరునామాలకు మారాలని గడువు విధించారు. సందేశంలోని లింకును నొక్కకుండా చిరునామాను స్వయంగా టైపు చేసి, దాని చివరి భాగాన్ని సరిచూసుకోవడం ఇప్పుడు సామాన్యుడికి కూడా సాధ్యం.

నష్టం ఎవరు భరించాలన్నదే అసలు వివాదం. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఖాతాదారుడి బాధ్యతను రుజువు చేసే భారాన్ని బ్యాంకుపై ఉంచింది. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుడిదీ కానప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాలలోగా ఫిర్యాదు చేస్తే ఖాతాదారుడికి బాధ్యత లేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే బాధ్యత పరిమితం. సాధారణ పొదుపు ఖాతాకు అది గరిష్ఠంగా 10,000 రూపాయలు. కానీ రహస్య వివరాలను తానే పంచుకుంటే ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టమంతా అతనిదే. 'పంచుకోవడం' అన్న ఈ ఒక్క మాటలో అజాగ్రత్తనూ మోసపోవడాన్నీ ఒకే గాటన కట్టడం న్యాయమనిపించదు. బెదిరింపుకు లొంగి వేలిముద్ర వేసిన దస్తావేజును న్యాయస్థానం రద్దు చేయగలదు. బెదిరింపుకు లొంగి చెప్పిన ఓటీపీకి ఈ సర్క్యులర్‌లో అంతటి ఊరట లేదు. ఆచరణలో కాలమే కీలకం కనుక బ్యాంకుతో పాటు 1930కు వెంటనే ఫోను చేయడం అవసరం.

ప్రవేశం పునరుద్ధరించుకోవడంలో తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. మన సంప్రదాయంలో ఇంటిపేరు ముందు వస్తుంది. దరఖాస్తు ఫారాలు దానిని చివర అడుగుతాయి. ఒకచోట పొడి అక్షరం, మరొకచోట పూర్తి ఇంటిపేరు ఉంటాయి. 'లక్ష్మి'లోని 'క్ష'ను ఆంగ్ల లిపిలో ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాస్తారు. పెళ్లయిన స్త్రీకి ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు, బ్యాంకులో పుట్టింటి ఇంటిపేరు ఉండటం సాధారణం. రోజువారీ లావాదేవీలలో ఈ తేడాలు బయటపడవు. ఖాతా స్తంభించినప్పుడో మొబైల్ నంబరు మార్చాల్సి వచ్చినప్పుడో పత్రాలను పోల్చి చూస్తే ఒకే మనిషి ఇద్దరుగా కనిపిస్తుంది. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ భారతీయ స్టేట్ బ్యాంకులోనూ, 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోనూ విలీనమయ్యాక, దశాబ్దాల నాటి ఖాతాల పాత నమోదులు కొత్త వ్యవస్థల్లోకి చేరాయి. ఆ నమోదులోని పేరుకు, ఆధార్‌లోని పేరుకు పొంతన కుదరని ఖాతాదారుడు చివరకు పత్రాలన్నీ పట్టుకొని శాఖకే వెళ్లాలి. అక్కడ అతని ముఖం చూసి, నమూనా సంతకంతో దస్కతును పోల్చి, ఇతడే ఆ మనిషి అని ధ్రువీకరించేది ఇప్పటికీ ఒక గుమాస్తాయే.