రామములగ విత్తనము

రాజవొమ్మంగి పేరు చరిత్ర పుస్తకములలో ఒక తేదీతో ముడిపడి ఉన్నది. 1922 ఆగష్టు 24వ తేదీన అల్లూరి సీతారామరాజు దళము ఆ ఊరి పోలీసు ఠాణాపై పడింది. అంతకు ముందు రెండు దినములలో చింతపల్లి, కృష్ణదేవిపేట ఠాణాలకు అదే గతి పట్టింది. 2022 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండిన ఆ ఊరిని, ఆ సంవత్సరము ఏప్రిల్ నెలలో సీతారామరాజు పేరిట ఏర్పడిన జిల్లాలోనే చేర్చినారు. ఆ తిరుగుబాటుకు కారణములు అనేకములు. వానిలో ముఖ్యమైనది, 1882 నాటి మద్రాసు అటవీ చట్టము తరువాత పోడు వ్యవసాయముపై పెరిగిన నిర్బంధము. ఠాణా మీది దాడిని అందరూ జ్ఞాపకముంచుకొన్నారు గాని, కొండవారు ఏ పోడు కొరకు పోరాడినారో ఆ పోడులో ఏమి విత్తేవారో ఎవరూ అంతగా పట్టించుకొనలేదు.

కొండవాలున చెట్టూ పొదా కొట్టి, ఎండిన తరువాత కాల్చి, ఆ బూడిదలో విత్తుటయే పోడు. మైదానపు రైతుకు మొదట వింతగా తోచేది ఆ విత్తుబడిలోని కలగాపులగము. ఒకే చెలకలో జొన్న, సామ, చోడి, కంది పక్కపక్కనే మొలుస్తవి. ఒక పైరు ముందు కోతకు వస్తుంది, మరొకటి వెనుక వస్తుంది. వాన ఒకదానికి చాలకపోతే మరొకటి నిలుస్తుంది. చూచేవారికి అది అజాగ్రత్తవలె కనుపించవచ్చును. నిజమునకు అది అన్ని గుడ్లూ ఒకే కోడి క్రింద పొదగవేయని ఇల్లాలి జాగ్రత్త. కోయలు విత్తుటకు ముందు విత్తనముల పండుగయే చేస్తారు.

టమాటా పోడు పంట కాదు, పెరటి పంట. ఐనను వానలు వెనుకపట్టి నారు పోసే అదను వచ్చేసరికి రాజవొమ్మంగి కొండలలోనైనా, మరెక్కడనైనా, పెరడుగల ఇంటిలో ఒక ప్రశ్న పుడుతుంది. నిరుటి పండ్ల నుండి తీసి, బూడిదలో కలిపి ఆరబెట్టిన నాటు గింజలు చల్లవలెనా, లేక అంగడిలో రంగుల బొమ్మగల పొట్లము కొనవలెనా? ఈ ప్రశ్న చిన్నదిగా కనుపించినను దీని వెనుక నాలుగు వందల యేండ్లకు మించిన కథ ఉన్నది.

టమాటాకు తెలుగులో రామములగ అనే పేరు కలదు. ఈ పేరు పెట్టిన అజ్ఞాత వ్యక్తి మంచి వృక్షశాస్త్రజ్ఞుడని ఒప్పుకొనవలెను. నేలపై ముండ్లతో ప్రాకే నేలములక మన పల్లెలలో అందరికీ తెలిసినదే. దాని పువ్వును, వంకాయ పువ్వును, టమాటా పువ్వును ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఐదు రెక్కల నక్షత్రము, నడుమ పసుపుపచ్చని కేసరముల మొన ఒకే పోలికలో ఉంటవి. ఐరోపాలో 1753లో లిన్నేయస్ టమాటాను వంకాయ కుటుంబములోని సొలానమ్ ప్రజాతిలో చేర్చినాడు. మరుసటి సంవత్సరమే ఫిలిప్ మిల్లర్ దానిని విడదీసి, తోడేలు పీచుపండు అని అర్థము వచ్చే లైకోపెర్సికాన్ అనే వేరొక ప్రజాతిని కల్పించినాడు. రెండు శతాబ్దులకు పైగా పుస్తకములు మిల్లర్‌నే అనుసరించినవి. 1990 తరువాత డి.ఎన్.ఏ. పరీక్షలు జరిపి శాస్త్రజ్ఞులు మరల దానిని సొలానమ్‌లోనికే తెచ్చినారు. ములకల వంశములోనిదని మన పల్లెవారు ముందే తేల్చి ఉన్నారు!

రామ అనే విశేషణము మాత్రము మోసపుచ్చేది. సీతాఫలము, రామాఫలము అమెరికా ఖండము నుండి వచ్చినవే. వానివలెనే ఈ ములగ కూడ పరదేశి. దీని అడవి బంధువులు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతముల పడమటి వాలులలో ఉన్నవి. పెంపుడు పంటగా మారినది మెక్సికోలో అని జెంకిన్స్ 1948లో వాదించినాడు. అక్కడి నుండి స్పెయిన్ వారి ఓడలలో ఐరోపా చేరింది. 1544లో ఇటలీ వైద్యుడు మాత్తియోలి దీనిని వర్ణించినాడు. మన దేశమునకు ఐరోపా వారే తెచ్చినారు. 1889 నుండి వెలువడిన జార్జి వాట్ నిఘంటువును చూస్తే, అప్పటికి కూడ దీనిని ముఖ్యముగా తెల్లదొరల భోజనము కొరకే పండించేవారని తెలుస్తుంది. తెలుగువారి పులుపు చింతపండుది. ఆబ్దికమునాటి వంటలో టమాటాను వాడని ఇండ్లు నేటికీ ఉన్నవి. ఆ ఆచారమును మరేమి అనుకొన్నా, ఏ కూర ముందు వచ్చిందో, ఏది తరువాత వచ్చిందో తెలిపే చరిత్ర పత్రముగా అది పనికివస్తుంది.

ఈ ప్రయాణములో ఒక నష్టము జరిగింది. ఓడలో వచ్చినవి కొద్దిపాటి గింజలు. ఐరోపాలో అందులో కొన్నే నిలిచినవి. వాని సంతతిలో కొన్నే మన దేశము చేరినవి. పైగా టమాటా పువ్వులో కేసరములు గొట్టమువలె కూడి ఉండి, కీలాగ్రము వాని లోపలనే ఉంటుంది. అందుచేత పువ్వు చాల వరకు తన పుప్పొడితోనే ఫలదీకరణము చెందుతుంది. ఆండీస్‌లోని అనేక అడవి జాతులలో కీలాగ్రము బయటకు పొడుచుకొని వచ్చి, కీటకము తెచ్చే పరాయి పుప్పొడికై కాచుకొని ఉంటుంది. అడవి బంధువులలో ఉన్న జన్యు వైవిధ్యములో నూటికి ఐదు పాళ్లకన్న తక్కువే మన తోటల టమాటాలలో ఉన్నదని 1990 నాటి పరిశోధనలు తెలిపినవి. బజారులో ఎరుపు, పసుపు, గుండ్రము, బల్లపరుపు అని ఎన్నో విధములు కనుపించినను, అవన్నీ దాదాపు ఒక ఇంటి బిడ్డలే.

అయితే ఆ స్వయం పరాగ సంపర్కమే పెరటి రైతుకు వరము కూడ. మొక్కజొన్నలో ఒక ఇంటి రకమును శుద్ధముగా నిలుపుట కష్టము. ప్రక్క చేని పుప్పొడి గాలిలో వచ్చి కలుస్తుంది. టమాటాలో పది మొక్కలు గల పేద ఇల్లాలు కూడ తన తల్లి ఇచ్చిన రకమును తన కోడలికి అందించగలదు. నాటు రకములు ఇంతకాలము నిలిచినది విశ్వవిద్యాలయముల వలన కాదు, ఇటువంటి చేతుల వలన.

మంచి విత్తనము ఏరుట ఎట్లు అన్న విషయములో అందరూ చేసే పొరపాటు ఒకటి ఉన్నది. అమెరికాలో ఒహాయో రాష్ట్రమున అలెగ్జాండర్ లివింగ్‌స్టన్ అనే విత్తనముల వర్తకుడు ఉండేవాడు. ఆనాటి టమాటాలు గాడులు పడి, లోపల డొల్లగా, వంకరటింకరగా ఉండేవి. అతడు ఏటేటా తోటలోని అతి మంచి పండ్లను ఏరి వాని గింజలు విత్తినాడు. ఏండ్లు గడిచినను ఫలితము లేదు. మరుసటి పంటలో మరల పాత వంకరలే వచ్చేవి. తుదకు అతని దృష్టి పండు మీద నుండి మొక్క మీదికి మరలింది. ఒక మొక్కకు కాయలు చిన్నవే గాని, ఒక్కటి తప్పకుండ అన్నీ గుండ్రముగా, నున్నగా ఉన్నవి. ఆ ఒక్క మొక్క గింజలనే ప్రత్యేకముగా పెంచి, ఐదారు పంటలలో కాయ పరిమాణము పెంచి, 1870లో పారగాన్ అనే వంగడమును వెలువరించినాడు. ఒక పండు పెద్దదగుటకు ఎరువు కారణము కావచ్చును, కొమ్మ చివరి ఎండ కారణము కావచ్చును. చెట్టు నిండా అన్ని కాయలూ ఒకే తీరున ఉండుటకు కారణము వంశములో ఉంటుంది. మెండెల్ బఠానీల నివేదిక 1866లోనే అచ్చయినను లోకము దానిని 1900 వరకు గమనించలేదు. లివింగ్‌స్టన్ చేతికి తెలిసిన దానిని శాస్త్రము తరువాత వివరించింది.

కంటికి కనబడే దానిని ఎన్నుకొన్నప్పుడు కనబడనిది జారిపోవచ్చును. దీనికి నాటు టమాటా భుజములను మించిన ఉదాహరణ లేదు. పచ్చి నాటు కాయను చూడండి. తొడిమ చుట్టూ ముదురాకుపచ్చని పట్టీ ఉంటుంది. పండిన తరువాత కూడ అక్కడ కొంత పచ్చదనము మిగులుతుంది. అమెరికాలో వంగడములను రూపొందించినవారికి ఇది లోపముగా తోచింది. పచ్చి కాయ అంతటా లేత రంగులో ఉండి, ఒకేసారి సమముగా ఎర్రబడే ఒక ఉత్పరివర్తనము దొరకగానే దానిని పట్టుకొన్నారు. ఇరవయ్యవ శతాబ్దిలో బజారు వంగడములలోనికి అది వ్యాపించింది. 2012లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఆన్ పవెల్, ఆమె సహచరులు అసలు సంగతి బయటపెట్టినారు. ఆ ముదురు భుజములను కలిగించే జన్యువు కాయలో హరితరేణువులను పెంచుతుంది. కాయకు చక్కెర అధిక భాగము ఆకుల నుండి వచ్చినను, కొంత ఆ హరితరేణువులే తయారుచేస్తవి. రంగు సమముగా ఉండవలెనని ఏరిన చేయి, తెలియకనే తీపిలో కొంత పారవేసింది. టమాటా పూర్వపు రుచి లేదని పెద్దలు అంటే కేవలము వృద్ధాప్యపు చాదస్తమని ఇకమీదట త్రోసివేయుటకు వీలులేదు.

ఇది తరగతిలో చెప్పదగిన పాఠము కూడ. ముదురు భుజముల లక్షణము బహిర్గతము. సమ వర్ణము అంతర్గతము. శుద్ధమైన రెండు రకములను సంకరము చేస్తే మొదటి తరములో అన్నిటికీ ముదురు భుజములే ఉంటవి. ఆ కాయల గింజలు విత్తితే రెండవ తరములో సుమారు నాలుగింట ఒక మొక్కకు సమ వర్ణము మరల కనుపిస్తుంది. బెంగుళూరులోని ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ సంస్థ 1973లో కర్ణాటక అనే పేరుతో సంకర టమాటాను అమ్మకమునకు తెచ్చింది. 1988 నాటి కొత్త విత్తన విధానము తరువాత ఇటువంటివి విరివిగా వచ్చినవి. వాని గింజలు దాచి విత్తితే తల్లి మొక్క పోలిక చెదిరిపోవుటకు కారణము కంపెనీల మంత్రము కాదు, మెండెల్ చెప్పిన విభజనమే. ఏటేటా పొట్లము కొనవలసి వచ్చుట మాత్రము ఆ విభజనము యొక్క ఆర్థిక ఫలితము.

అట్లని నాటు రకమును దేవతగా పూజింప నక్కరలేదు. పలుచని తోలు గల పండు సంతకు నడిచి పోగలదు గాని, మదనపల్లె మార్కెట్టు నుండి లారీలో దూరదేశములకు పోలేదు. అంతకు మించిన బలహీనత ఆకుముడత తెగులు. తెల్లదోమ మోసుకొని వచ్చే ఈ వైరసు వ్యాధిని మన దేశములో వాసుదేవ, సామ్‌రాజ్ 1948లో వర్ణించినారు. ఎండలు ముదిరే కాలములో అది సోకితే నాటు మొక్క ఆకులు దొన్నెలవలె ముడుచుకొని, కాపు దాదాపు నిలిచిపోతుంది. దానికి మందు దొరికినది ఎక్కడ? మరల ఆండీస్‌లోనే. అక్కడి నూగుగల అడవి జాతి నుండి నిరోధక శక్తిని పెంపుడు టమాటాలోనికి తెచ్చినట్లు కల్లూ, బెనర్జీ 1990లో ప్రకటించినారు. అంతకు ముందే, 1941లో, అమెరికాలో పాన్ అమెరికా అనే వంగడము ఫ్యుజేరియమ్ ఎండుతెగులును తట్టుకొనే శక్తిని చిట్టి అడవి టమాటా నుండి పొంది ఉన్నది.

1962 డిసెంబరులో పెరూ దేశపు కొండలలో హ్యూ ఇల్టిస్, డాన్ యూజెంట్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు అడవి బంగాళాదుంపల కొరకు తిరుగుచు, దారి ప్రక్కన ఒక పిచ్చి టమాటాను చూచినారు. పచ్చని చిన్న కాయలు, తినుటకు పనికిరావు. ఐనను గింజలు తీసి చార్లెస్ రిక్ అనే టమాటా నిపుణునికి పంపినారు. రిక్ దానిని పెంపుడు రకములతో మరల మరల సంకరము చేసి, పండులో చక్కెర మొదలైన కరుగు పదార్థములను పెంచగలిగినాడు. ఆ మొక్క కొత్త జాతి అని 1976లో గాని తేలలేదు.

మన కొండలకు కూడ ఇటువంటి కథ ఉన్నది. రాజవొమ్మంగికి దక్షిణమున మైదానములోని సామర్లకోటలో 1781 నుండి 1793 వరకు విలియం రాక్స్‌బర్గ్ పనిచేసినాడు. ఊరికి ఉత్తరపు కొండలలో అడవి మిరియపు తీగ ఉన్నదని తెలిసికొని, దానిని తెప్పించి తోటలో పెంచినాడు. పనికిరాని తీగలని కొట్టివేసిన కొండవాలులో ఏమి పోతున్నదో ఆ తరువాత లెక్క వేసినవారు తక్కువ.

కనుక నారుమడి ముందు నిలిచిన కుటుంబమునకు ఒకే జవాబు లేదు. పండు ఇంటికా, సంతకా, లారీకా అన్నది మొదటి ప్రశ్న. కాలము రెండవది. 1944లో ఫ్రిట్స్ వెంట్ చేసిన ప్రయోగముల ప్రకారము రాత్రి వేడి సుమారు 15 నుండి 20 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ ఉన్నప్పుడే టమాటా బాగుగా కాయ పట్టుతుంది. రాజవొమ్మంగి అరకు అంత ఎత్తున లేకపోయినను, శీతకాలపు రాత్రులు అక్కడ కూడ ఈ పైరుకు అనుకూలములే. తెల్లదోమ బెడద కూడ అప్పుడు తగ్గి ఉంటుంది. ఆ పంటకు నాటు రకము చాలును. ఎండకాలపు పంట అమ్మకమునకే ఐతే తెగులు తట్టుకొనే వంగడము కొనుటలో తప్పులేదు. పోడు చెలకలో నాలుగు గింజలు కలిపి విత్తినవారికి పెరటిలో రెండు రకములు వేయుమని వేరుగా బోధింప నక్కరలేదు.

దాచిన విత్తనము విత్తుటకు, ఇరుగుపొరుగుతో మార్చుకొనుటకు, అమ్ముటకు కూడ రైతుకు 2001 నాటి వంగడముల సంరక్షణ, రైతుల హక్కుల చట్టము హక్కు ఇచ్చింది. రక్షణ పొందిన వంగడపు విత్తనమును బ్రాండు ముద్రతో అమ్ముట మాత్రము కూడదు.

ఇక దాచే విధము తేలికయే. మెత్తబడిన పండ్లను పిసికి, గుజ్జుతో సహా ఒక మట్టి పాత్రలో ఒకటి రెండు రోజులు పులియనిస్తే, గింజ చుట్టూ ఉండే జిగురు పొర ఊడిపోతుంది. మునిగిన గింజలను కడిగి నీడన ఆరబెట్టవలెను. పొడిగా ఉంచితే నాలుగైదు సంవత్సరములు మొలకెత్తుతవి. లివింగ్‌స్టన్ చేసినట్లు, కాపు మొదలయినప్పుడే తెగులు లేని, అన్ని కాయలూ ఒకే తీరున ఉన్న మొక్కను ఎన్నుకొని దాని మొదట ఒక దారము కట్టవలెను. దారము కట్టిన మొక్క కాయలను ఆ యేడు కూరకు కోయరు. బాగుగా పండి, కాడ నుండి రాలబోయే వరకు వానిని మొక్కకే ఉండనిస్తారు.