పాత బండికి పళ్ళు చూచుట

పుంగనూరు ప్రాంతపు సంతలలో ఎద్దును కొనవచ్చిన రైతు మొట్టమొదట చేయు పని దాని నోరు తెరచి చూచుట. "నాలుగేండ్ల కోడె" అని అమ్మువాడు ఎంత గట్టిగా చెప్పినను, కొనువాడు మూతి పట్టి, క్రింది పెదవిని దించి, పళ్ళు లెక్కపెట్టిన తరువాతనే ధర మాట ఎత్తును. పశువునకు పైదవడ ముందు భాగమున పళ్ళు ఉండవు. క్రిందిదవడ ముందు మాత్రము ఎనిమిది ఉండును. పాలపళ్ళు జతజతలుగా ఊడి, వాటి చోట పెద్ద పళ్ళు వచ్చును. దేశవాళీ పశువులలో మొదటి జత సుమారు రెండు, రెండున్నర ఏండ్లకును, కడపటి జత నాలుగు, నాలుగున్నర ఏండ్లకును వచ్చుట సామాన్యము. రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది అని సంతలో వినవచ్చు మాటలకు అర్థమిదే. ఆవు కొమ్ము మీది వలయములు దాని ఈతల సంఖ్యను తెలుపును. చూలు దశలో పోషణమంతయు దూడకు పోవుటచే కొమ్ము పెరుగుదల తగ్గి అక్కడ గాడి ఏర్పడును. కొమ్ములను గీకి, నునుపుచేసి, నూనె రాచి ఈ లెక్కను చెరపివేయు గడుసువారును ఉన్నారు. కనుకనే తెలిసినవాడు ఒక్క కొమ్మును మాత్రమే చూచి బేరము కుదుర్చుకొనడు.

మోటారు బండికి పళ్ళు లేవు. పదేండ్ల కారును కడిగి, రంగు వేసి, సీట్లకు క్రొత్త తొడుగులు వేసినచో మూడేండ్ల కారువలెనే కనిపించును. ప్రకృతి ఇవ్వని గుర్తులను మనుష్యుడే దానికి కల్పించవలసి వచ్చినది. ఆ కల్పన మూడు తావులలో జరిగినది: లోహముపై చెక్కిన సంఖ్య, తిరిగిన దూరమును చెప్పు మీటరు, ప్రభుత్వము వ్రాసిపెట్టు పుస్తకము.

ఈ మూడింటిలో మిక్కిలి ప్రాచీనమైనది దూరపు మీటరు. క్రీస్తు పూర్వము మొదటి శతాబ్దమునకు చెందిన రోమను వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథములో ఒక బండిని వర్ణించినాడు. దాని చక్రపు చుట్టుకొలత పన్నెండున్నర అడుగులు. చక్రము 400 మార్లు తిరిగినచో 5,000 అడుగులు, అనగా ఒక రోమను మైలు. మైలు పూర్తియైనప్పుడెల్ల పండ్లచక్రములు కదలి, ఒక గులకరాయి క్రిందనున్న కంచుపాత్రలో టంగుమని పడును. సాయంకాలము రాళ్ళు లెక్కించిన చాలును. ఇరవయ్యవ శతాబ్దపు కార్లలోని మీటరు సూత్రమును ఇంతే. గేరుపెట్టె నుండి వచ్చు తీగ అంకెల పీపాలను త్రిప్పును, ఒక పీపా పూర్తిగా తిరిగినచో ప్రక్కది పదవ వంతు తిరుగును. ఐదంకెల మీటరు గల పాత కార్లలో 99,999 తరువాత మరల సున్నాలే వచ్చెడివి. తీగను విప్పి వెనుకకు త్రిప్పుటయు తేలికగనే ఉండెడిది. నేటి మీటరులో పీపాలు లేవు, అంకెలు ఒక చిన్న విద్యుత్ స్మృతిఫలకములో నిలిచియుండును. మోసము తగ్గినదనుకొందురేమో, కంప్యూటరు తగిలించి కొన్ని నిమిషములలో ఆ అంకెలను మార్చివేయుచున్నారు. అమెరికాలో 1972 నాటి చట్టము దీనిని నేరముగా నిర్ణయించినను, ఏటా నాలుగున్నర లక్షలకు పైగా బండ్లు తప్పుడు మీటర్లతో అమ్ముడగుచున్నవని అచటి రహదారి భద్రతా సంస్థయే అంచనా వేసినది. బెల్జియము దేశము మాత్రము 2006లో చక్కని ఉపాయము కనుగొన్నది: బండి మరమ్మతుకు వచ్చినప్పుడెల్ల మీటరు అంకెను ఒక కేంద్రమునకు తెలుపుట అచటి వర్క్‌షాపులకు విధి. అమ్మునప్పుడు ఆ పట్టిక కొనువానికి ఈయవలెను. ఇక వెనుకకు త్రిప్పి లాభమేమి?

మన ఊళ్ళలో అట్టి పట్టిక లేదు గాని, బండియే కొంత సాక్ష్యము చెప్పును. ప్రతి టైరు ప్రక్కను నాలుగంకెలు అచ్చొత్తియుండును. 2319 అని ఉన్నచో అది 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనది. కిటికీ అద్దముల మూలలలోను తయారీ కాలపు గుర్తులుండును; అన్నిటిపై ఒక ఏడును, ఒక్కదానిపై మరొక ఏడును కనిపించినచో ఆ ప్రక్క ఏదియో దెబ్బ తగిలినదని అడిగి తెలిసికొనవలసియుండును. మీటరు ముప్పదివేల కిలోమీటర్లని చెప్పుచుండగా బ్రేకు పెడలు రబ్బరు అరిగి నున్నబడియున్నచో, ఆ రెంటిలో రబ్బరునే నమ్మవలెను. సీటు బెల్టును చివరివరకు లాగి చూచుట మరొక పరీక్ష. 2015 డిసెంబరులో చెన్నై వరదలలో వేల కార్లు మునిగినవి. అట్లు మునిగిన బండిని ఎంత తుడిచినను, బెల్టు చుట్ట లోపలి భాగమున బురద చార మిగిలిపోవుట కలదు.

ఇక లోహముపై చెక్కిన సంఖ్య. బండ్లకు సంఖ్యాఫలకములు కట్టవలెనని 1893లో పారిసు నగరపు పోలీసులు ఆజ్ఞాపించినారు. బ్రిటనులో 1904 జనవరి 1 నుండి అది తప్పనిసరియైనది. కాని పలకను విప్పి మరొక బండికి బిగించవచ్చును. కనుక బండి చట్రముమీదనే సంఖ్య కొట్టవలసివచ్చినది. మొదట ఏ కంపెనీ పద్ధతి దానిది; అంతర్జాతీయ ప్రమాణసంస్థ 1970 దశకములో 17 అక్షరముల పద్ధతిని ఏర్పరచినది. ఐ, ఓ, క్యూ అను మూడు ఆంగ్లాక్షరములను అందులో వాడరు; ఒకటి, సున్నాలతో కలిసిపోవునని. మొదటి మూడు అక్షరములు తయారుచేసినవానిని తెలుపును, ఎం.ఎ.3 అని ఉన్నచో మారుతి, ఎం.ఎ.టి. అని ఉన్నచో టాటా. (ఈనాడు పుంగనూరు ఆవు చెవికిని 12 అంకెల బిళ్ళ తగిలించుచున్నారు. అంకెలు మనుష్యుని విడిచి ఎక్కడికి పోవును?)

దొంగలు ఈ సంఖ్యను ఆకురాయితో అరగదీసి క్రొత్తది కొట్టుదురు. ఇచ్చట లోహశాస్త్రము ఒక విచిత్రమును చూపినది. ఉక్కు సూక్ష్మమైన స్ఫటికముల సముదాయము. పంచ్‌తో అంకె కొట్టినప్పుడు పైన గుంటపడుటయేగాక, దాని అడుగుననున్న స్ఫటికములును నలిగి వంకరపోవును. పైభాగమును అరగదీసినను ఆ నలుగుడు లోపల మిగిలియుండును. నలిగిన లోహము మిగిలినదానికంటె త్వరగా ఆమ్లములో కరగును. జర్మనీలో ఫ్రై అను శాస్త్రజ్ఞుడు 1921లో ఉక్కులోని ఒత్తిడి గుర్తులను చూచుటకు రాగి క్లోరైడును హైడ్రోక్లోరిక్ ఆమ్లమును కలిపి ఒక ద్రావణమును తయారుచేసినాడు. తరువాతి కాలమున నేరపరిశోధన ప్రయోగశాలలు దానిని చేపట్టినవి. నునుపుచేసిన చోట ఆ ద్రావణములో ముంచిన దూదితో రుద్దుచుండగా, చెరిపిన అంకెలు మసకగా పైకి తేలును. మిక్కిలి లోతుగా అరగదీసినచో మాత్రము తేలవు. కొనువాడు ఆమ్లము పట్టుకొని తిరుగనక్కరలేదు. సంఖ్య ఉన్న చోట ఆకురాయి గీతలు, క్రొత్త రంగు, వరుస తప్పిన అంకెలు ఉన్నవేమో వేలితో తడిమి చూచిన చాలును.

పుస్తకము సంగతి కుప్పములో నిలబడి చూచినచో బాగుగా తెలియును. ఒక ప్రక్క కర్ణాటకము, మరొక ప్రక్క తమిళనాడు. కె.ఎ. 07 అని ఉన్నచో కోలారు బండి, టి.ఎన్. 24 అని ఉన్నచో కృష్ణగిరి బండి. ఎ.పి. 03 చిత్తూరుది, అయితే 2019 నుండి రాష్ట్రమంతటికి ఎ.పి. 39తో మొదలైన ఉమ్మడి వరుస వచ్చుటచే, క్రొత్త బండి పలక చూచి జిల్లా చెప్పుటకు వీలులేదు. మన దేశమున మోటారు వాహనముల చట్టము మొదట 1914లోను, పిమ్మట 1939లోను, ఇప్పుడమలులో ఉన్నది 1988లోను వచ్చినవి. ఒక రాష్ట్రపు బండిని మరొక రాష్ట్రములో 12 నెలలకు మించి ఉంచుకొన్నచో క్రొత్త సంఖ్య తీసికొనవలెను. దానికి మొదటి రిజిస్ట్రేషను కార్యాలయము వారి నిరభ్యంతర పత్రము కావలెను. మదనపల్లెకు బెంగుళూరు దగ్గర. అక్కడ కారు చవుకగా దొరికినదని తెచ్చుకొన్నవాడు ఈ పత్రమును, ఇక్కడ మరల కట్టవలసిన జీవితకాలపు పన్నును లెక్కవేయనిచో చవుక కాస్త ప్రియమగును. పుస్తకములన్నియు కాగితములుగా ఉన్న రోజులలో కోలారు పుస్తకములో ఏమున్నదో కుప్పములో తెలియుటకు ఉత్తరము వ్రాసి నెలలు కాచుకొనవలసివచ్చెడిది. ఇప్పుడు 'వాహన్' అను కేంద్ర కంప్యూటరు పట్టికలో సంఖ్య కొట్టినచో బండి తయారీ, ఎన్నవ యజమాని, భీమా గడువు, అప్పు ఉన్నదా లేదా అన్నవి కనిపించును. అప్పు తీరినను ఫైనాన్సువారి పేరు పుస్తకములో మిగిలిపోయిన బండ్లు ఉండును. 35వ నమూనా పత్రముతో దానిని తీసివేయించిన తరువాతనే డబ్బు చేతులు మారుట మేలు. టమాటా మండీకి నడుపు సరకు బండి అయినచో ఫిట్‌నెస్ గడువు కూడ చూడవలెను. ఎనిమిదేండ్లు దాటిన బండికి అది ఏటేటా చేయింపవలసినదే.

కొనువానికే ఇంత పరీక్ష అనుకొనరాదు. బండి నిచ్చి, డబ్బు తీసికొని, కాగితముపై సంతకము చేసి ఇచ్చి ఊరకుండు అమ్మకందారులు అనేకులు. అట్లే 2007లో అమ్మిన ఒక కారు చేతులు మారుతూ పోయి, 2009లో ప్రమాదము చేసినది. పుస్తకములో మాత్రము మొదటివాని పేరే ఉన్నది. నష్టపరిహారము అతడే ఈయవలెనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది; చట్టము దృష్టిలో ఎవరి పేర రిజిస్టరై ఉన్నదో వాడే యజమాని. అమ్మకమును అదే రాష్ట్రములోనైన 14 దినములలోను, పరరాష్ట్రమునకైన 45 దినములలోను అమ్మినవాడు కార్యాలయమునకు తెలుపవలెను. కొన్నవానికి 30 దినముల గడువున్నది. 29వ నమూనా పత్రము అమ్మినవాని పక్షమున పోవునది. ఆ పత్రము చేరినదన్న రసీదును అమ్మినవాడు తన దగ్గర దాచుకొనుట మంచిది.