చలిగదికీ ఒక చరిత్ర ఉంటుంది

1961లో బ్రిటన్‌లో రెండు ముఖ్యమైన కాగితాలు వచ్చాయి. ఒకటి పార్కర్ మోరిస్ కమిటీ నివేదిక. కొత్తగా కట్టే ఇళ్లు ఎలా ఉండాలో చెప్పింది. బయట మైనస్ 1 డిగ్రీ ఉన్నప్పుడు కూడా కూర్చునే గది 18 డిగ్రీలకీ, వంటగదీ నడవా 13 డిగ్రీలకీ వేడెక్కాలంది. పడకగదులకి మాత్రం ఆ కనీస ప్రమాణంలో అంకె లేదు. రెండోది ఆ ఏటి హౌసింగ్ యాక్ట్. ఏడేళ్ల లోపు అద్దె ఒప్పందాల్లో, గదుల్నీ నీళ్లనీ వేడిచేసే ఏర్పాట్లు సరిగ్గా పనిచేసేలా చూడటం ఇంటి యజమాని బాధ్యతే అంది. అంటే పడకగది చలిగా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదని మొదటి కాగితం పరోక్షంగా ఒప్పుకుంది. ఉన్న రేడియేటర్ పనిచేయకపోతే ఊరుకోనక్కర్లేదని రెండోది తేల్చి చెప్పింది. అద్దెకుండేవాళ్లంతా ఇప్పటికీ ఈ రెండింటి మధ్యే బతుకుతున్నారని నాకనిపిస్తుంది.

నేను లీడ్స్‌లో ఒక వరస ఇంట్లో వెనక గదిలో అద్దెకున్నాను. విక్టోరియా రాణి కాలపు ఎర్ర ఇటుకల ఇల్లు. జనవరిలో ముందు గది హాయిగా ఉండేది, నా గదిలో థర్మామీటరు 14 దాటేది కాదు. ఏజెంటుకి ఫోన్ చేస్తే, "మీరు వేడి దేశం నుంచి వచ్చారు కదా, అలవాటు పడాలి" అన్నాడు. ఆ మాట నన్ను రేడియేటర్ దగ్గరికీ, దాని వెనకున్న చరిత్ర దగ్గరికీ ఒకేసారి తీసుకెళ్లింది.

మన కోస్తా ఊళ్లలో ఇల్లంటే ఎండని బయట ఆపేది. ఇంగ్లాండులో పాత ఇల్లు ఒక మంట చుట్టూ కట్టింది. పడకగదుల్లో కూడా చిన్న నిప్పుగూళ్లు ఉండేవి, కానీ వాటిని రోజూ రాజేసే స్తోమత అందరికీ లేదు. జార్జ్ ఆర్వెల్ 1945 డిసెంబరులో 'ఈవెనింగ్ స్టాండర్డ్' పత్రికలో బొగ్గు మంటని సమర్థిస్తూ ఒక వ్యాసం రాశాడు. మసి, వృథా, చాకిరీ అన్నీ ఒప్పుకుంటూనే, ఇంట్లో కనీసం ఒక గదిలో మంట ఉండాలన్నాడు. అది గదిలో ఒక కొసనే వేడిచేస్తుంది కాబట్టి మనుషులు దగ్గర దగ్గరగా చేరి కూర్చుంటారని ఆయన వాదన. వినడానికి బానే ఉంటుంది. మంటకి దూరంగా పడుకునేవాళ్ల సంగతేమిటన్నది నా ప్రశ్న.

ఏడేళ్లకి, 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా, లండన్‌ని బొగ్గు పొగమంచు కమ్మేసింది. అప్పటి లెక్కల్లోనే దాదాపు 4,000 మంది చనిపోయారు. 1956లో క్లీన్ ఎయిర్ యాక్ట్ వచ్చింది. పొగ నిషేధించిన ప్రాంతాల్లో నిప్పుగూళ్లు మార్చుకోవడానికి డబ్బు సాయం కూడా ఇచ్చారు. 1965లో ఉత్తర సముద్రంలో గ్యాస్ దొరికింది. 1967 నుంచి పదేళ్ల పాటు ఇంటింటికీ తిరిగి, బొగ్గు నుంచి తీసిన పాత గ్యాస్‌కి సరిపోయే పొయ్యిల్నీ హీటర్లనీ కొత్త గ్యాస్‌కి మార్చారు. అయినా 1970ల మొదట్లో సెంట్రల్ హీటింగ్ ఉన్న ఇళ్లు మూడో వంతుకి కాస్త పైన మాత్రమే. మనం బ్రిటన్‌కి సహజం అనుకునే వెచ్చదనం వయసు ఒక మనిషి జీవితమంత కూడా లేదు. "అలవాటు" అన్న మాటలో ఎంత చరిత్ర దాక్కుందో చూడండి!

ఆ హడావిడిలో పాత ఇళ్లలోకి గొట్టాలు దూర్చడానికి సన్నటి రాగి గొట్టాలు బాగా వాడుకలోకి వచ్చాయి. మామూలువి 15 మిల్లీమీటర్లుంటే ఇవి 8, 10. చేత్తో వంచొచ్చు, చెక్క నేల కింద సులువుగా లాగొచ్చు. అప్పటికి లాభం, తర్వాతివాళ్లకి తలనొప్పి. ఉక్కు రేడియేటర్లు లోపల తుప్పుపట్టి నల్లటి బురద తయారవుతుంది. సన్నటి గొట్టంలో అది రక్తనాళంలో కొవ్వులా పేరుకుంటుంది.

కాబట్టి చలి రేడియేటర్‌ని చేత్తో తడిమితే కొంత చరిత్ర చదవొచ్చు. పైన చల్లగా, కింద వేడిగా ఉంటే లోపల గాలి చేరినట్టు. చిన్న తాళంచెవితో పక్కనున్న మర తిప్పితే బుస్సుమని పోతుంది. ఆ తర్వాత బాయిలర్ పీడనం చూడాలి, చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ ఉండాలి. కింద మధ్యలో చల్లగా ఉంటే బురద. బాయిలర్‌కి దగ్గరవి కాలిపోతూ దూరానివి చల్లగా ఉంటే నీటి పంపకం సరిగ్గా లేనట్టు. దగ్గరవాటి వాల్వులు కాస్త బిగించాలి.

నాది మొత్తంగా గోరువెచ్చగా ఉండేది. గాలి తీశాను, మారలేదు. వేడిని బట్టి మూసుకునే వాల్వు తల తీసి కింద పిన్ను నొక్కి చూశాను, బాగానే కదులుతోంది. మిగతా రేడియేటర్లన్నీ కట్టేసి నీళ్లన్నీ దీనికే మళ్లించినా వేడెక్కలేదు. నేలలోంచి వస్తున్న గొట్టం నా చిటికెన వేలంత ఉంది. ఇక సందేహం లేదు.

అదే కాలంలో నిప్పుగూళ్లు మూసేశారు, కిటికీలు బిగించారు. ఇదివరకు పొగగొట్టం గదిలో గాలిని పైకి లాగేసేది. ఇప్పుడు వంట ఆవిరి, ఊపిరి, ఆరేసిన బట్టల తడి అన్నీ లోపలే ఉండి, అన్నిటికన్నా చల్లగా ఉన్న గోడ మీద నీరవుతాయి. అక్కడే నల్ల బూజు మొదలవుతుంది. నా మంచం తలాపు అదే గోడకి ఉండేది.

బూజు చిన్న విషయం కాదు. 2020 డిసెంబరులో రోచ్‌డేల్‌లో, సూడాన్ నుంచి వచ్చిన దంపతుల రెండేళ్ల బాబు అవాబ్ ఇషాక్ చనిపోయాడు. ఇంట్లో బూజుని దీర్ఘకాలం పీల్చడం వల్ల వచ్చిన శ్వాసకోశ జబ్బే కారణమని 2022లో విచారణ జరిపిన కరోనర్ తేల్చారు. తండ్రి 2017లోనే ఫిర్యాదు చేశాడు. రంగేసుకోమన్నారు. ఆ బాబు పేరుతో పిలిచే చట్టానికి 2023లో పార్లమెంటు ఆమోదం దొరికింది. బూజు, చెమ్మ లాంటి ప్రమాదాల్ని గడువులోగా బాగుచెయ్యాలన్నది దాని సారం. అది మొదట సోషల్ హౌసింగ్ కోసం చేసింది.

"మీ అలవాట్లే కారణం" అని ఆ కుటుంబానికి చెప్పినా, "అలవాటు పడండి" అని నాకు చెప్పినా లెక్క ఒక్కటే. గొట్టంలో ఉన్న లోపాన్ని మనిషి మీదకి నెట్టడం.

నేను ఏజెంటుకి మళ్లీ ఫోన్ చెయ్యలేదు, ఉత్తరం రాశాను. ఏ పరీక్ష ఏ తేదీన చేశానో, గదిలో పొద్దునా రాత్రీ ఎన్ని డిగ్రీలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చలిదేశాల ఇళ్లకి సూచించిన 18 ఎంత దూరంలో ఉందో వరసగా పెట్టాను. చివర 1985 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్, సెక్షన్ 11 అని రాశాను. 1961 నాటి బాధ్యత ఇప్పుడుండేది అందులోనే. పది రోజుల్లో మనిషొచ్చి గొట్టాలు కడిగాడు. బకెట్లోకి కాటుక లాంటి నీళ్లొచ్చాయి. ఆ రాత్రి గది 18 చేరింది.

కొత్తగా ఆ దేశం వెళ్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను స్వెట్టర్లతో పాటు ఒక చవక థర్మామీటరు కూడా కొనుక్కోమంటాను. చలేస్తోందంటే అది మన ఒంటి సంగతి అంటారు. పద్నాలుగు డిగ్రీలంటే అది ఇంటి సంగతి అవుతుంది.