హైదరాబాదు ప్రత్యేక ట్రిబ్యునళ్లు

1948 సెప్టెంబరు 18న నిజాం సేనలు లొంగిపోయాక, నిజాం పక్షపు సాయుధ స్వచ్ఛంద దళమైన రజాకార్ల కాలపు హత్యలు, దోపిడీలు, గృహదహనాలపై విచారణకు సైనిక గవర్నరు జె. ఎన్. చౌధురి ప్రభుత్వం వేసిన న్యాయస్థానాలివి. వీటి తీర్పులపై అప్పీళ్లు పాతబస్తీలో, మదీనా సమీపాన మూసీ ఒడ్డునున్న హైకోర్టులో నడిచాయి. కొన్ని సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. రజాకార్లనూ, వాళ్లతో పోరాడిన రైతులనూ ఒకే చట్టం కింద బోనెక్కించడం ఈ చరిత్రలో మరవకూడని సంగతి.

అవే రోజుల్లో టోక్యోలో జపాను నేతలపై యుద్ధ నేరాల విచారణ ముగింపుకొచ్చింది. భారత్ తరఫున మద్రాసు న్యాయవాది పి. గోవింద మీనన్ అక్కడ ప్రాసిక్యూషన్ బృందంలో పనిచేశారు. హైదరాబాదుది తన ఇంటి వ్యవహారమని భారత్ భద్రతా మండలిలో వాదించింది కనుక ఇక్కడ యుద్ధ నేరమన్న ఆరోపణే తలెత్తలేదు. ఊళ్లు తగలబడిన కథంతా హైదరాబాదు శిక్షాస్మృతిలోని బందిపోటు, హత్య సెక్షన్లలోకి కుదించుకుపోయింది.

రజాకార్ల నాయకుడు, లాతూరు వకీలు కాసిం రజ్వీ విషయంలోనూ అంతే. 1948 జనవరి 10న రజాకార్లు ఎక్కిన రైలు బీబీనగర్‌లో ఆగినప్పుడు గ్రామస్థులు గాంధీజీకి జై కొట్టారని, దాంతో రజాకార్లు దిగి ఊరిమీద పడి దోచుకున్నారని అభియోగం. 1950లో ట్రిబ్యునల్ అతనికి ఏడేళ్ల కఠిన శిక్ష వేసింది. సంస్థానమంతటినీ గడగడలాడించిన మనిషికి శిక్ష పడింది ఒక రైల్వే స్టేషను పక్క దోపిడీకి! రాజ్యాంగం వచ్చాక కూడా పాత ప్రత్యేక పద్ధతిలోనే విచారణ సాగించడం సమానత్వ హక్కుకు భంగమని అతను సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1953 జనవరిలో ముగ్గురు న్యాయమూర్తులు ఆ వాదన తోసిపుచ్చగా ఇద్దరు విభేదించారు. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయిన రజ్వీ 1970లో కరాచీలో మరణించాడు.

న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ చదివేది గూర్తూరు కేసు. 1947 డిసెంబరులో వరంగల్ సుబేదారు (సుబా పాలనాధికారి) హబీబ్ మహమ్మద్ బలగాలతో ఆ ఊరికి వెళ్లి ఇళ్లు తగలబెట్టించాడని, మనుషుల్ని కాల్పించాడని ఆరోపణ. ప్రత్యేక న్యాయమూర్తి ఉరిశిక్ష వేశారు. హైకోర్టులో న్యాయమూర్తుల మధ్య అభిప్రాయభేదం వచ్చినా శిక్ష నిలిచింది. సుప్రీంకోర్టు మాత్రం ఒక లోపం పట్టుకుంది. ఘటనాస్థలంలో ఉన్న ఉన్నత పోలీసు అధికారి బియాబానీని ప్రాసిక్యూషన్ సాక్షిగా పిలవనే లేదు. కళ్లారా చూసిన మనిషిని దాచిపెట్టి ప్రాణం తీసే శిక్ష కోరడం తగదని, 1953 అక్టోబరులో నిందితుణ్ణి నిర్దోషిగా వదిలేసింది. గూర్తూరు వాళ్లకు ఇది మింగుడుపడని తీర్పే అయ్యుంటుంది. అయినా తప్పు కోర్టుది కాదు, కేసును సగం సాక్ష్యంతో నడిపినవాళ్లది.

నల్లగొండ రైతులకు అంతపాటి పరిశీలన కూడా దక్కలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న పన్నెండు మందికి 1949 ఆగస్టులో అక్కడి ట్రిబ్యునల్ మరణశిక్ష వేసింది. వకీలును పెట్టుకునే అవకాశమే ఇవ్వలేదని వాళ్ల మొర. వారి కోసం ఇంగ్లండు నుంచి న్యాయవాది డి. ఎన్. ప్రిట్ వచ్చి వాదించారు. రాజ్యాంగం అమల్లోకి రాకముందే ముగిసిన విచారణలలో తాము కలగజేసుకోలేమని 1951లో సుప్రీంకోర్టు చేతులెత్తేసింది. ప్రజాందోళన పెరిగాక ఉరి యావజ్జీవంగా మారింది.

నిజాం సేనల్ని లొంగదీసిన పోలీసు చర్య సమయంలోనూ, ఆ తర్వాతా ముస్లింలపై జరిగిన హత్యాకాండకు ప్రత్యేక ట్రిబ్యునల్ వేయలేదు. కేంద్రం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం 1948 నవంబరు, డిసెంబరుల్లో జిల్లాలు తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. 2013 నాటికి గానీ అది ఢిల్లీలో పరిశోధకులకు అందుబాటులోకి రాలేదు.