బ్రేకులు మారుద్దామా, వద్దా?

మొన్న వేసవిలో నాన్న మా ఇంటికొచ్చినప్పుడు పైక్స్ పీక్ చూపిద్దామని తీసుకెళ్ళాను. మేముండే డెన్వర్ నుంచి రెండు గంటల్లోపు ప్రయాణం. కొండ ఎత్తు 14,115 అడుగులు, పైదాకా కారు వెళ్తుంది. 19 మైళ్ళ దారి, చాలాచోట్ల పక్కన గోడ కూడా ఉండదు. ఎక్కడం బానే ఎక్కాం. పైన ఫోటోలు తీసుకున్నాం, పాపకి డోనట్ కొనిపెట్టాం. దిగేటప్పుడే జరిగింది అసలు కథ.

దారి మధ్యలో గ్లెన్ కోవ్ అనే చోట దిగే కార్లన్నిటినీ ఆపుతారు. రేంజరు ఒకావిడ తుపాకీలాంటి థర్మామీటరుని నా ముందు చక్రం వైపు పెట్టి చూసి, కనుబొమ్మలు పైకెత్తి, పక్కకి తీసి ఆపమంది. బ్రేకులు బాగా వేడెక్కాయట, అరగంట చల్లారనివ్వాలట. కిందికి దిగితే కాలిన వాసన. అంతకు ముందు రెండు మలుపుల్లో పెడల్ కొంచెం మెత్తగా లోపలికి దిగినట్టు అనిపించింది కూడా. నేనెవరికీ చెప్పలేదు. వెనక సీట్లో పాప నిద్రపోతోంది, పక్కన మా ఆవిడ.

నాన్న ముప్ఫయ్యేళ్ళు ఆర్టీసీలో డ్రైవరు, అందులో సగం తిరుమల ఘాట్ మీదే. ఆయన దారంతా ఒక్క మాట అనలేదు. అరగంటా బండ మీద కూర్చుని పల్లీలు తిన్నాడు. నాకది తిట్టినదానికంటే ఎక్కువయ్యింది.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక నేను ఏం చేసుంటానో మీకు తెలుసు. మనవాళ్ళం ఎవరమైనా అదే చేస్తాం. ల్యాప్‌టాప్ తెరిచి వెతకడం మొదలెట్టాను. నా కారుకి సరిపోయే పెద్ద బ్రేకుల కిట్ దొరికింది. పళ్ళెమంత డిస్కులు, ఒక్కో క్యాలిపర్‌కి ఆరు పిస్టన్లు, పైగా ఎర్ర రంగు. రెండు వేల డాలర్ల పైచిలుకు. కార్ట్‌లో వేశాను కూడా. పొద్దున్న కాఫీ తాగుతూ నాన్న తెర వైపు చూసి, "ఏంరా, ఈ బండికి బ్రేకులు లేవా?" అన్నాడు.

"ఉన్నాయి నాన్నా, ఇంకా మంచివి వేయిద్దామని."

"నిన్న ఏం తక్కువయ్యింది వాటికి?"

నా దగ్గర జవాబు లేదు. ఇంజనీరుని కదా, పైగా ఊరికే డీబగ్ చెయ్యకుండా కొత్త సర్వర్ కొనేద్దాం అనే క్లయింట్లని చాటుగా నవ్వుకునేవాణ్ణి. అందుకని ఆర్డరు ఆపి, కంపెనీ ఇచ్చిన బ్రేకులు చాలవని జనం ఎప్పుడెప్పుడు అనుకున్నారు, అప్పుడు ఏం చేశారు అని చదవడం మొదలెట్టాను. వారం రోజులు పట్టింది. ఈ దేశంలో ఆ చరిత్ర కారంత పాతది.

ఫోర్డ్ మోడల్ టి సంగతి చూడండి. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారయ్యాయి. దానికి బ్రేకు పెడల్ ఉంది గానీ, అది చక్రాలని పట్టుకోదు. గేర్‌బాక్స్ లోపలున్న డ్రమ్ముని ఒక పట్టీ బిగించి ఆపుతుంది. ఆ ఆపు ఇరుసు గుండా వెనక రెండు చక్రాలకి చేరాలి. మధ్యలో ఏది విరిగినా పెడల్ తొక్కి లాభం లేదు. వెనక చక్రాలకి చిన్న డ్రమ్ములున్నాయి గానీ అవి చేతి లివర్‌తో పనిచేసేవి, బండి నిలబెట్టి ఉంచడానికే తప్ప ఆపడానికి అంతంత మాత్రం.

మైదానంలో, మట్టి రోడ్డు మీద, ముప్ఫై మైళ్ళ వేగంలో అది చాలింది. కొండల్లో చాలలేదు. అందుకని 'రాకీ మౌంటెన్ బ్రేకులు' అని వెనక చక్రాల డ్రమ్ముల మీద బయటినుంచి బిగుసుకునే పట్టీలు విడిగా అమ్మేవారు. పేరు మా కొండలదే! రక్‌స్టెల్ అని రెండు గేర్ల ఇరుసు వేయించుకున్నవాళ్ళకైతే ఇవి తప్పనిసరి. ఎందుకంటే ఆ ఇరుసు రెండు గేర్ల మధ్య న్యూట్రల్‌లో ఆగిపోయిందంటే గేర్‌బాక్స్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. అంటే పెడల్ బ్రేకు ఉన్నా లేనట్టే. వందేళ్ళ తర్వాత ఇవాళ్టికీ మోడల్ టి నడిపే సరదా ఉన్నవాళ్ళు ఆ పట్టీలు కొని బిగించుకుంటున్నారు. వాళ్ళెందుకు మార్చారో ఒక్క వాక్యంలో చెప్పగలరు. నేను చెప్పలేకపోయాను.

తర్వాతి గొడవ ముందు చక్రాలది. బ్రేకు వేస్తే బండి బరువు ముందుకి తూగుతుంది. మనం బస్సులో నిలబడి ముందుకి తూలినట్టే. అంటే రోడ్డుని గట్టిగా పట్టుకునేవి ముందు చక్రాలే. వాటికి బ్రేకు లేకపోవడం అంటే ఉన్న పట్టులో పెద్ద వాటా వదిలేసుకోవడం. అయినా ముందు చక్రాలకి బ్రేకులు పెడితే కారు తిప్పడం కష్టమనీ, ప్రమాదమనీ చాలామంది నమ్మారు. మొదటి ప్రపంచ యుద్ధపు విమాన వీరుడు ఎడ్డీ రికెన్‌బాకర్ పేరుతో నడిచిన కంపెనీ 1923లో నాలుగు చక్రాల బ్రేకులు తెస్తే, పోటీ కంపెనీలు అవి ప్రమాదకరమని ప్రచారం చేశాయి. రికెన్‌బాకర్ కంపెనీ 1927లో మూతబడింది. అప్పటికే ఆయన్ని తిట్టినవాళ్ళు కూడా నాలుగు చక్రాల బ్రేకులకి వచ్చేస్తున్నారు.

నాలుగు చక్రాలకి పెట్టాక ఇంకో చిక్కొచ్చింది. కడ్డీలు, కేబుళ్ళతో లాగితే నాలుగూ సమానంగా పట్టవు. ఒకటి ముందు, ఒకటి వెనక. కారు పక్కకి లాగేస్తుంది. దీనికి మందు మాల్కం లౌహెడ్ కనిపెట్టాడు. లాక్‌హీడ్ విమానాల కంపెనీ పెట్టిన అన్నదమ్ముల్లో ఈయనొకడు. గొట్టాల్లో నూనె నింపి తొక్కితే ఒత్తిడి అన్ని వైపులా సమానం, హైస్కూల్లో చదివిన పాస్కల్ సూత్రమే. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుకి అవి వచ్చాయి, 1924లో క్రైస్లర్ మామూలు కొనుగోలుదారుకీ అందించింది. హెన్రీ ఫోర్డ్ మాత్రం నూనె కారిపోతే గతేమిటని, ఉక్కు కడ్డీలనే నమ్ముకుని 1938 దాకా మొండికేశాడు. 1939 మోడల్‌కి గానీ ఒప్పుకోలేదు. ఆ తర్వాత కుర్రకారు చేసిన పని చూడండి. పాత ఫోర్డులు చవగ్గా కొని, పెద్ద ఇంజన్లు పెట్టి, 1939 తర్వాతి ఫోర్డుల బ్రేకులు పీకి వాటికి తగిలించేవాళ్ళు. 'జ్యూస్ బ్రేకులు' అనేవారు వాటిని.

అయితే పెద్దాయన భయం పూర్తిగా అబద్ధం కాదు సుమా. ఒకే గొట్టం వ్యవస్థలో ఎక్కడ కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. అందుకే తర్వాత రెండు వేరు వేరు భాగాలుగా విడగొట్టారు. 1966లో జాన్సన్ సంతకం పెట్టిన వాహన భద్రతా చట్టం కింద వచ్చిన ప్రమాణాలతో 1968 జనవరి నుంచి ఇక్కడ అమ్మే కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరయ్యింది.

ఇక డిస్కులు. డ్రమ్ము మూసిన గిన్నెలాంటిది. వేడి బయటికి పోదు, నీళ్ళు చేరితే తొందరగా ఆరవు. డిస్కు గాలికి తెరుచుకునే ఉంటుంది. 1953 ల మాన్స్ 24 గంటల పందెంలో జాగ్వార్ డిస్క్ బ్రేకులతో గెలిచి ఆ సంగతి ప్రపంచానికి చూపించింది. అక్కడ ప్రశ్న ఒక్కసారి ఎంత గట్టిగా ఆగుతావని కాదు, రోజంతా ప్రతి రౌండులో అంతే గట్టిగా ఆగగలవా అని. 1964లో ఫోర్డ్ మస్టాంగ్ వచ్చినప్పుడు మామూలుగా ఇచ్చినవి నాలుగూ డ్రమ్ములే. ముందు డిస్కులు కావాలంటే అదనపు డబ్బు. అప్పుడు ఆ డబ్బు మిగుల్చుకున్న కార్లకి ఇప్పటి యజమానులు డిస్కులు వేయిస్తున్నారు.

ఇంత చదివాక నాకు ఒకటి అర్థమయ్యింది. ఈ మార్పుల్లో ఏదీ 'ఇంకా మంచి బ్రేకు' కోసం జరగలేదు. ప్రతిదాని వెనకా ఫలానా చోట ఓడిపోయింది అనే ఫిర్యాదు ఉంది. ఇరుసు తెగితే బ్రేకు లేదు. ముందు చక్రాల పట్టు వృథా. నాలుగూ సమానంగా పట్టవు. నూనె కారితే అన్నీ పోతాయి. వేడెక్కితే జారిపోతుంది. ఒక్కో జబ్బుకి ఒక్కో మందు. మరి నా కారు జబ్బేమిటి?

ఒక ఆదివారం పొద్దున్న ఖాళీ పార్కింగ్ లాట్‌కి వెళ్ళి ముప్ఫై మైళ్ళ వేగం నుంచి పెడల్‌ని గట్టిగా తొక్కాను. కాలి కింద ఏబీఎస్ గడగడలాడింది. అంటే టైరు రోడ్డుని వదిలేసేంత బలం నా బ్రేకుకి ఇప్పటికే ఉంది. ఇక ఆరు పిస్టన్లు కాదు, పదహారు పెట్టినా ఒక్కసారి ఆగే దూరం తగ్గదు. రోడ్డు మీద కారుని చివరికి ఆపేది టైరే. నా టైర్లు చూస్తే అరిగి అయిదేళ్ళయ్యింది. కంపెనీ బ్రేకులకి ఇక్కడ పరీక్షలు కూడా తక్కువేం కాదు. గంటకి 100 కిలోమీటర్ల వేగం నుంచి 70 మీటర్లలోపు ఆగాలి, వేడెక్కించాక మళ్ళీ ఆపి చూపించాలి, ఒక భాగం చెడినా ఆగాలి. ముందు వెనకల మధ్య బలాన్ని లెక్కగట్టి పంచుతారు. ముందు మాత్రమే పెద్దవి తగిలిస్తే ఆ లెక్క చెడొచ్చు. కిట్ బిగించిన నా కారుకి ఆ పరీక్షలు మళ్ళీ ఎవరూ పెట్టరు.

మరి కొండ మీద ఏమైంది? లెక్క వేశాను. మా కారు బరువు మనుషులతో సహా దాదాపు 1,500 కిలోలు. 60 మైళ్ళ వేగం నుంచి ఒకసారి ఆపితే బ్రేకుల్లోకి వెళ్ళే శక్తి సుమారు 540 కిలోజౌళ్ళు. పైక్స్ పీక్ కొస నుంచి కింద గేటు దాకా దాదాపు 1,900 మీటర్లు దిగుతాం. ఆ శక్తంతా బ్రేకుల్లోకే పోనిస్తే, 60 నుంచి సున్నాకి యాభై సార్లు ఆపినంత! కారుని డి లో పెట్టి, కాలు బ్రేకు మీద పెట్టి, నేను చేసింది ఇంచుమించు అదే. పైగా బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ చేరినదానికి ఆ హద్దు 140. నేను కారు కొన్న ఆరేళ్ళలో ఒక్కసారీ మార్పించలేదు. మరిగితే బుడగలు, బుడగ నలుగుతుంది, పెడల్ కిందికి పోతుంది. ఆ మెత్తదనం అదే అయ్యుంటుందని తెలిసేసరికి వెన్నులో చలి పుట్టింది. ఆ రేంజరు ఆపకపోయి ఉంటే..

ఇదంతా నాన్నకి పెద్ద పరిశోధనలాగా చెప్పాను. ఆయన నవ్వి, "ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాల. మాకు మొదటి రోజే చెప్పేది ఇదే కదరా" అన్నాడు. తిరుమలకి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వేసిన రెండోది ఎక్కడానికి. దిగేవాళ్ళకి పైన టైము వేసిన చీటీ ఇస్తారు, నిర్ణయించిన సమయం కన్నా ముందే కిందికి చేరితే జరిమానా. లక్షల బళ్ళకి బ్రేకులు మార్పించలేరు కాబట్టి డ్రైవర్ల తొందరని మార్చారన్నమాట.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అన్నాను కాస్త ఉక్రోషంగా.

"నీ దేశం, నీ బండి. ఆటోమేటిక్ కదా, దానికి గేర్లుంటాయని నాకేం తెలుసు?"

ఇద్దరం నవ్వుకున్నాం గానీ నాకు గుచ్చుకుంది. ఈ దేశం వచ్చాక ఆయనకి తెలిసినవన్నీ ఇక్కడ పనికిరావని నేనే ఆయనకి నమ్మకం కలిగించాను.

జర్మనీలో మ్యూనిక్ టాక్సీల మీద 1980లలో ఒక పరిశీలన జరిగింది. కొన్నిటికి ఏబీఎస్ పెట్టి, కొన్నిటికి పెట్టకుండా చూశారు. ఏబీఎస్ ఉన్న టాక్సీలకి ప్రమాదాలు తగ్గలేదు. ఆ డ్రైవర్లు దాన్ని నమ్ముకుని ఇంకాస్త దూకుడుగా నడిపారు. ఎర్ర క్యాలిపర్లు పెట్టించుకుని ఉంటే నేనూ ఆ కొండ మీద అదే చేసేవాణ్ణేమో. నా గురించి నాకు తెలుసు కదా.

చివరికి కార్ట్ ఖాళీ చేశాను. నాలుగు మంచి టైర్లు, కొత్త ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ డాట్ 4. మొత్తం కలిపి కిట్ ధరలో సగం కూడా కాలేదు. మీరు మోడల్ టి నడుపుతున్నా, 1965 మస్టాంగ్‌కి పెద్ద ఇంజన్ పెట్టినా, వారాంతాల్లో రేస్ ట్రాక్ మీద తిప్పుతున్నా మీ జవాబు వేరు, మార్చండి. నాలాగా ఆఫీసుకీ, గుడికీ, ఇండియన్ స్టోర్‌కీ తిరిగే కారైతే డబ్బు తీసే ముందు నాన్న అడిగిన ప్రశ్న మీరూ వేసుకోండి: ఏం తక్కువయ్యింది వాటికి?

నాన్న తిరుగు ప్రయాణానికి వారం ముందు మళ్ళీ పైక్స్ పీక్ వెళ్ళాం. ఈసారి దిగేటప్పుడు లివర్ ఎల్ లో ఉంది, ఇంజన్ మూలుగుతోంది, నాన్న పక్క సీట్లోంచి "ఇంకా మెల్లిగా.. ఇప్పుడు తొక్కు.. వదిలెయ్" అంటూ వచ్చాడు. గ్లెన్ కోవ్‌లో రేంజరు చక్రం వైపు చూసి, పొమ్మని చెయ్యూపింది. నాన్న ఆమెకి నమస్కారం పెట్టాడు, డిపోలో ఇన్‌స్పెక్టరుకి పెట్టినట్టు.