లారీలు బతికిన వీధులు

బందరు రోడ్డులో ఆటోనగర్ గేటు దగ్గర దిగి లోపలికి నడిస్తే, ఏ వీధిలో ఉన్నామో చెవులే చెబుతాయి. సమ్మెట దెబ్బలు వినిపిస్తే కమాన్ల పని. ఇనుము చెక్కుతున్న సన్నని గీర వినిపిస్తే లేతు షెడ్డు. కర్రకోత వినిపిస్తే లారీ బాడీలు కట్టేచోటు. డీజిలు పంపులు బాగుచేసే షెడ్డులో మాత్రం మాటలు కూడా తక్కువే. దుమ్ము రేణువు పడినా పని చెడుతుందని తలుపు దగ్గరగా వేసి కూర్చుంటారు. నేను పక్కనే పటమటలో ఈ చప్పుళ్లు వింటూ పెరిగాను.

బెజవాడను లారీల ఊరుగా చేసింది దారులు. మద్రాసు, కలకత్తా రహదారి, హైదరాబాదు నుంచి బందరు వెళ్లే రహదారి ఇక్కడే కలుస్తాయి. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయ్యాక కృష్ణ దాటడం సులువైంది. డెల్టా బియ్యం, నూజివీడు మామిడి, జగ్గయ్యపేట సిమెంటు అన్నిటికీ లారీయే కావాలి. లారీ ఆగినచోట మెకానిక్కు ఉంటాడు. అలా ఊరి మధ్యలో పెరిగిన షెడ్లకు 1960లలో ఊరికి తూర్పున, పటమట పక్కన స్థలం చూపారు. నెహ్రూ పేరుతో జవహర్ ఆటోనగర్ అయింది.

ఆ రోజుల్లో లారీ అంటే ‘బెంజి’. టాటా వాళ్లు జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి 1954లో జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసి, ముందున్న మూడు కొనల నక్షత్రం పోయి ‘టి’ గుర్తు వచ్చింది. అయినా మా పెద్దవాళ్ల నోట బెంజి మాట చాలాకాలం పోలేదు. ఫ్యాక్టరీ నుంచి ఇంజనూ, చట్రమూ మాత్రమే వచ్చేవి. డ్రైవరు తలకు తుండుగుడ్డ చుట్టుకుని, ఎండావానల్లో ఆ ఒట్టి చాసీని నడిపించుకొచ్చేవాడు. క్యాబిను, తొట్టి, రంగులు, అమ్మవారి బొమ్మ ఇక్కడే అమిరేవి. లారీకి పుట్టుక జంషెడ్‌పూర్, రూపం ఆటోనగర్.

మా నాన్నది ఒక్క లారీ. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 1210 ఎస్‌ఈ. పన్నెండు టన్నుల మొత్తం బరువు, వంద గుర్రాల బలం అని ఆ అంకెలకు అర్థం చెప్పేవాడు. తెల్లారగానే ఆయిలు పుల్ల తీసి చూడటం, రేడియేటరులో నీళ్లు పోయడం, టైర్లను రాడ్డుతో కొట్టి గాలి ఎంతుందో వినడం, ట్రిప్పు దిగగానే కింగ్‌పిన్నులకు, జాయింట్లకు గ్రీజు కొట్టించడం. ఈ వరస తప్పిన రోజు నేనెరగను. ఒక్కసారి, కారుతున్న వాటర్ పంపును ‘వచ్చే ట్రిప్పుకి చూద్దాం’ అని వదిలేశాడు. ఏలూరు దాటాక ఇంజను కాగిపోయి హెడ్డు వంగింది. లైనర్లు, పిస్టన్లు, రింగులు అన్నీ మార్చాల్సి వచ్చింది. ఆ ఏడాది మామిడి సీజను సంపాదనంతా ఆ పనికే పోయింది.

ఆ లారీని ఎక్కువకాలం బతికించింది డీజిలు పంపు మేస్త్రి గారు. ఆరు సిలిండర్లకు ఆరు ప్లంజర్లున్న పంపు అది, ఒక్క వైరు కూడా లేదు. ఇంజను తడబడితే ఆయన నడుస్తున్న ఇంజను మీదే నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేసేవారు. మంచి సిలిండరు దగ్గర నట్టు వదిలితే శబ్దం పడిపోతుంది. జబ్బు ఉన్నదానికి వదిలితే ఏ తేడా రాదు. “ఒరే అబ్బాయ్, మారనిది ఏదో అదే మన రోగి” అని నాకు చూపించారు. పొగ కూడా చదివేవారు. నలుపైతే డీజిలు ఎక్కువ, నీలమైతే ఆయిలు మండుతోంది, తెలుపైతే డీజిలు సరిగా మండటం లేదు, లేదా నీళ్లు చేరాయి. తర్వాత పంపును బెంచీ మీద పెట్టి, ఆరు గాజు గొట్టాల్లో పడే డీజిలు సమానమయ్యేదాకా సరిచేసేవారు.

ఆ రోజుల్లో కొత్త లారీకి రెండేళ్లు దాటితే ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాల్సి వచ్చేది. బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గరికి తీసుకెళ్లే ముందు వారం రోజులు మా లారీ వీధి వీధీ తిరిగేది. ఒకచోట బ్రేకు లైనింగు, ఇంకోచోట కమాను కట్ట, మరోచోట టింకరింగు, చివర రంగు. పనిచేసిన వాళ్లలో చాలామంది అరువు ఇచ్చేవాళ్లు, ట్రిప్పు దిగాక డబ్బు తీసుకునేవాళ్లు. ఒంటి లారీ ఓనరు నిలబడింది ఆ నమ్మకం మీదే.

2017లో బీఎస్-4, 2020లో బీఎస్-6 దేశమంతటా అమలయ్యాయి. ఇంజనుకు కంప్యూటరు మెదడు వచ్చింది. క్యాబిను ఫ్యాక్టరీలోనే తయారై వస్తోంది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి. చాసీ మీద మండుటెండలో కూర్చుని వచ్చిన డ్రైవర్ల కొడుకులకు ఆ చల్లదనం దక్కాల్సిందే. పాత పొగ మా గుండెల్లోకీ వెళ్లింది, అది తగ్గడమూ మంచిదే. కానీ చెడిన భాగాన్ని బాగుచేసే చోట ఇప్పుడు భాగాన్నే మారుస్తున్నారు. చెవితో రోగం పట్టే విద్య నేర్చుకోవడానికి షెడ్డుకు వచ్చే కుర్రాళ్లు తగ్గారు. ఆ విద్య ఏ పుస్తకంలోనూ లేదు. మేస్త్రులు బతికుండగానే ఎవరైనా కూర్చుని రాసుకోవాలి. ఈ ఊరి చరిత్రలో మొదటి అధ్యాయం అదే.

నాన్న చివరికి లారీని తుక్కుకు ఇచ్చేశాడు. ఇచ్చేముందు ఒక కమాను పట్టీ అడిగి తీసుకుని, కొలిమిలో కొబ్బరి బొండాల కత్తి చేయించాడు. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఏడాదికోసారి సాన పట్టించడానికి ఆటోనగర్‌కే తీసుకెళ్తాను. దాన్ని చేతిలోకి తీసుకోగానే సాన పట్టే పెద్దాయన అంటాడు: “ఇది లారీ కమాను బాబూ, పాత ఉక్కు.”